చెయ్యి పడని అందం

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చిన మా తరం ఆడవాళ్ళు బెజవాడలో ఎక్కడ కలిసినా ఒక మాట తప్పకుండా చెబుతారు. "అక్కడ ప్రకృతిని ఎంత పదిలంగా కాపాడుకున్నారో! ఒక్క కాగితం ముక్క కనపడదు. జింకలు మన పక్కనుంచే బెదరకుండా నడిచిపోతాయి. మనవాళ్ళకి ఆ బుద్ధి ఎప్పుడొస్తుందో." ఈ మాటలో నిజం ఉంది. అసూయ పడవలసిన నిజమే. కానీ ఆ 'కాపాడుకోవడం' అనే మాట వెనక ఎవరున్నారు, ఎవరు లేకుండా పోయారు అనే ప్రశ్న మాత్రం ఆ సంభాషణలోకి ఎప్పుడూ రాదు. ఒక చోటి అందాన్ని కాపాడటానికి అక్కడి మనుషుల్ని పంపించెయ్యడం న్యాయమేనా? అలా పంపించేసి దక్కించుకున్న అందాన్ని చూసి మనం సంతోషించవచ్చా? మన ఇంటికి యాభై, అరవై కిలోమీటర్ల దూరంలో కొల్లేరు ఉంది కాబట్టి కృష్ణా డెల్టా ఆడవాళ్ళకి ఇది ఊసుపోక వేసుకునే ప్రశ్న కాదు.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. ఆడవాళ్ళు కొండలూ జలపాతాలూ చూడటానికి వెళ్ళడాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మన అమ్మమ్మలకి ప్రయాణమంటే పురుడుకి పుట్టింటికీ, ఆ తరువాత అత్తింటికీ, మధ్యలో ఎప్పుడైనా పుష్కరాలకీ. ఏ పనీ, ఏ మొక్కూ లేకుండా ఊరికే ఒక చోటు చూడటానికి వెళ్ళడం మగవాళ్ళ హక్కుగానే చాలాకాలం ఉంది. నాయని కృష్ణకుమారి గారు కాశ్మీర్ చూసి వచ్చి 'కాశ్మీర దీపకళిక' రాశారంటే అది తెలుగులో ఒక యాత్రాగ్రంథం మాత్రమే కాదు, చూసే హక్కుని ఒక స్త్రీ చేతిలోకి తీసుకోవడం. అందుకని 'చూపు' మీద నేను చెయ్యబోయే విమర్శ, చూడొద్దని చెప్పడానికి కాదు.

యోసెమిటీ లోయని నేనూ చూశాను. అంచెలంచెలుగా 2,425 అడుగులు కిందికి దూకే జలపాతం ముందు నిలబడితే మనసు నిశ్శబ్దమైపోతుంది. ఆ అనుభవం నకిలీది కాదు. అయితే ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికి లేచి పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాల్లో సర్ది, కూలర్‌లో ఐసు నింపింది మా అమ్మాయీ నేనూ. ఆ ప్రయాణంలో అందరూ చూశారు, కొందరు మాత్రం చూడటానికి కావలసిన పని కూడా చేశారు. 1790లో కాంట్ సౌందర్యం గురించి రాస్తూ, అందాన్ని ఆస్వాదించే మనసులో ఆ వస్తువు వల్ల కలిగే లాభం మీద ఆసక్తి ఉండకూడదన్నాడు. అవసరాల నుంచి విడిపడిన చూపే సౌందర్య దృష్టి అని దాని సారాంశం. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ అవసరాల నుంచి విడిపడే వీలు ఎవరికుంది? ఆ వీలుని ఎవరో ఒకరు తమ శ్రమతో ఏర్పాటు చేస్తారు. వంటగదిలో మొదలయ్యే ఈ ప్రశ్న లోయ దాకా వెళ్తుంది.

యోసెమిటీ లోయకి అక్కడి మనుషులు పెట్టుకున్న పేరు అహ్వానీ. మన 'ఆహ్వానం' లాగా వినిపిస్తుంది. ఆ పేరుతోనే వాళ్ళు అహ్వానీచీలయ్యారు. 1851లో, బంగారం వేట కాలంలో, మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం వాళ్ళని తరమడానికి ఆ లోయలోకి వెళ్ళింది. ఊళ్ళని తగలబెట్టింది, దాచుకున్న తిండిగింజల్ని నాశనం చేసింది. పదమూడేళ్ళకి, 1864లో, అబ్రహాం లింకన్ సంతకంతో ఆ లోయ ప్రజలందరి విహారం కోసం కాలిఫోర్నియా రాష్ట్రానికి దఖలుపడింది. 1890లో దాని చుట్టూ నేషనల్ పార్కు వచ్చింది. తిరిగొచ్చి అక్కడే బతికిన కొద్ది కుటుంబాల ఇళ్ళను 1969 నాటికి పార్కు యాజమాన్యమే నేలమట్టం చేసింది. ప్రపంచంలో మొదటి నేషనల్ పార్కుగా చెప్పే ఎల్లోస్టోన్‌ది కూడా ఇలాంటి కథే. 1872లో పార్కుని ప్రకటించారు. కొండగొర్రెల్ని వేటాడి బతికే టుకుడికా షొషోనీలు ఆ దశాబ్దం ముగిసేసరికి అక్కడ లేకుండా పోయారు. జంతువులకైనా సమాన న్యాయం జరగలేదు. చూడటానికి ముచ్చటైన జింకల్ని ఉంచి, తోడేళ్ళని 1926 నాటికి పూర్తిగా చంపేశారు. 1995లో కెనడా నుంచి తోడేళ్ళని తెచ్చి మళ్ళీ వదలవలసి వచ్చింది. మనం 'సహజం' అనుకునే దృశ్యంలో ఏది ఉండాలో, ఏది పోవాలో ఎవరో కూర్చుని నిర్ణయించారన్నమాట.

యోసెమిటీ లోయ నడుమ ఉన్న విశాలమైన పచ్చికబయళ్ళని చూసి దేవుడు వేసిన తోట అని మురిసిపోయినవాళ్ళున్నారు. ఆ తోట వెనక మనుషుల చెయ్యి ఉంది. అహ్వానీచీలు ఏటా పద్ధతి ప్రకారం నిప్పుపెట్టి పొదల్ని అదుపులో ఉంచేవాళ్ళు. సింధూర వృక్షాల కాయలు ఏరి, దంచి, నీళ్ళలో నానబెట్టి చేదు తీసి, పిండి చేసి వండేవాళ్ళు ఆడవాళ్ళు. కాయలు దొరకాలన్నా, బుట్టలల్లే పుల్లలు నిటారుగా పెరగాలన్నా ఆ నిప్పు అవసరం. వాళ్ళని తరిమేశాక నిప్పు ఆగింది, పచ్చిక మీదికి దేవదారు జాతి చెట్లు పాకాయి. కొన్ని దశాబ్దాల తరువాత పార్కువాళ్ళే శాస్త్రీయంగా నిప్పుపెట్టడం మొదలుపెట్టారు. ఈలోగా ఆ ఆడవాళ్ళకి పార్కు మరో స్థానం చూపించింది. టూరిస్టుల ముందు కూర్చుని బుట్టలల్లే ప్రదర్శన ఇవ్వడం! 1885లో పుట్టిన లూసీ టెల్లెస్ అనే అద్భుతమైన కళాకారిణి నాలుగేళ్ళు కష్టపడి 1933లో పూర్తిచేసిన పెద్ద బుట్ట చాలా పేరు పొందింది. ఆమె పనితనానికి చేతులెత్తి మొక్కవచ్చు. కానీ తన నేల మీద తాను బతకడానికి లేదు, తన బతుకుని నమూనాగా చూపించడానికి మాత్రం ఉంది అనే స్థితిని ఏమనాలి? స్త్రీలకి ఇది పరిచయం లేని స్థితి కాదు. ఇంటికి దీపం ఇల్లాలు అంటారు, ఇల్లు మాత్రం ఆమె పేరున ఉండదు.

ఈ ఖాళీ చెయ్యడానికి భాష సహకరిస్తుంది. 'వర్జిన్ ల్యాండ్' అనే మాటని అమెరికన్ సాహిత్యం ఎంతగా ప్రేమించిందో ఆనెట్ కొలొడ్నీ 1975లోనే ఒక పుస్తకం రాసి చూపించింది. నేలని స్త్రీగా, తెలియని నేలని కన్యగా, దాన్ని చేరుకోవడాన్ని మగతనంగా ఊహించుకున్నారని ఆమె వాదన. మనమూ 'కన్నె అడవి' అంటాం. మనిషి చెయ్యి పడని, కాలు మోపని చోటు అని మెచ్చుకుంటాం. చెయ్యి పడితే మైలపడినట్టు. ఆడదాని విలువ ఆమె ఎవరి చెయ్యీ పడకుండా ఉండటంలో ఉందని నమ్మించిన పితృస్వామ్యమే, నేల విలువ కూడా అందులోనే ఉందని చెబుతోంది. ఈ తర్కంలో రెండే స్థితులుంటాయి: చెయ్యి పడనిది పూజ్యం, చెయ్యి పడింది ఎలాగూ చెడిపోయింది కాబట్టి ఎవరేం చేసినా ఫరవాలేదు. ఒకవైపు కంచె వేసిన పార్కూ, మరోవైపు అడ్డూ ఆపూ లేకుండా తవ్వుకునే గనీ ఒకే ఆలోచనలోంచి పుడతాయి. బతుకుతూ కాపాడుకోవడం అనే మూడో స్థితికి అందులో చోటు లేదు. చరిత్రకారుడు విలియం క్రోనన్ 1995లో అమెరికన్ల 'వైల్డర్‌నెస్' భావన మీదా, అంతకుముందు 1989లో రామచంద్ర గుహ ఆ భావనని పేదదేశాలకి ఎగుమతి చెయ్యడం మీదా చేసిన విమర్శలు మనలో చాలామందికి తెలిసినవే. ఆ విమర్శకి స్త్రీవాదం కలపవలసింది ఈ పవిత్రత సంగతి.

ఇక మన కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు వంటి వాగులు అందులో కలుస్తాయి, ఉప్పుటేరు ఒక్కటే దాని నీటిని సముద్రానికి చేరుస్తుంది. లంకల్లో ఊళ్ళు, తాటిదోనెలు, కిక్కిస గడ్డి, కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ. కొల్లేరు ఎప్పుడూ చెయ్యి పడని చోటు కాదు. వడ్డీ కులస్తుల వలలు అందులోనే ఉన్నాయి, పక్షులూ అందులోనే ఉన్నాయి. పక్షుల శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ 1946లో ఈ ప్రాంతంలోని ఆరేడు దగ్గర గూడబాతుల కాలనీని కనుక్కున్నప్పుడు దాదాపు మూడు వేల పెలికన్లు అక్కడ గూళ్ళు కట్టుకుని ఉన్నాయి. 1975 ప్రాంతానికి ఆ కాలనీ మాయమైపోయింది. అంటే, చట్టం లేనప్పుడు పక్షులూ మనుషులూ కలిసి బతికారు, ఆ తరువాత ఎక్కడో ఏదో తెగింది.

తెగినదేమిటో చెప్పుకోవాలి. 1970లలో కొల్లేటి పేదలని సహకార సంఘాలుగా చేర్చి చేపల చెరువులు ఇచ్చారు. ఉద్దేశం మంచిదే. కానీ చెరువు తవ్వాలంటే, మేత వెయ్యాలంటే పెట్టుబడి కావాలి. పెట్టుబడి ఉన్నవాళ్ళు లీజుల పేరుతో లోపలికి వచ్చారు. సంఘం పేరు పేదలది, చెరువు ఆసాములది అయింది. 1990ల నాటికి సరస్సు గట్లతో ముక్కలు ముక్కలైంది. అందరిదీ అయిన నీళ్ళకి గట్టు పడితే మొదట పోయేది ఆడవాళ్ళ వాటా. మగవాడికి చెరువు మీద కాపలా పనో, వల లాగే పనో దొరికింది. తట్ట నెత్తిన పెట్టుకుని కొర్రమీను, జెల్ల, మట్టగిడస సంతలో అమ్మి ఆ డబ్బు తన కొంగున ముడేసుకునే ఆడమనిషికి, లారీల్లో ఐసు వేసి దూరదేశాలకి పంపే బొచ్చె, శీలావతి వ్యాపారంలో చోటెక్కడిది? గడ్డి కోసుకోవడానికీ, నత్తలు ఏరుకోవడానికీ, ఎండుచేపలు చేసుకోవడానికీ ఉన్న నీళ్ళు ఇప్పుడు ఒకరి చెరువు. ఆ గట్ల మీద ఆమె కూలి మనిషి.

ఆ తరువాత చట్టం వచ్చింది. 1999లో జీవో 120 ద్వారా సముద్రమట్టానికి ఐదడుగుల కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్ల మేర, కొల్లేరుని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్సార్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో న్యాయస్థానం ఆదేశాల వెనుక 'కొల్లేరు ఆపరేషన్' జరిగింది. పొక్లెయినర్లతో గట్లు తెంచారు. బయట ఉన్న మనలాంటివాళ్ళు చాలామంది దాన్ని హర్షించారు. హర్షించడానికి కారణం ఉంది కూడా.

మరుసటి సంవత్సరం కొందరు స్నేహితురాళ్ళతో కలిసి కొన్ని లంక గ్రామాలకి వెళ్ళాను. ఒక ఇంటి అరుగు మీద చిరిగిన వల బాగుచేసుకుంటున్న పెద్దావిడ మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. ఎవరు, ఏమిటని అడిగి, పిట్టలు చూడటానికి వచ్చామనుకుంది. "ఆటపాక పోండమ్మా, అక్కడ బాగా కనపడతాయి" అని దారి చెప్పింది. చెరువులు కొట్టేశాక ఏం చేస్తున్నారని అడిగాం. కొడుకూ కోడలూ హైదరాబాదులో బిల్డింగు పనికి వెళ్ళారనీ, మనవరాలిని తన దగ్గర వదిలారనీ చెప్పింది. "చెరువున్నప్పుడు మీకేమైనా మిగిలేదా?" అని మాలో ఒకరు అడిగారు. ఆవిడ నవ్వింది. "మా పేరు మీద చెరువుండేదమ్మా. మాకు కూలుండేది. ఇప్పుడు పేరూ లేదు, కూలీ లేదు. పిట్టల మీద మాకేం కోపం? అవి మా తాతల నాడూ ఉన్నాయి. మమ్మల్నడిగితే అవెక్కడ గుడ్డు పెడతాయో మేం చెప్పమా?"

ఆ చివరి ప్రశ్న గురించి ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను. పక్షుల గురించి తనని ఎవరూ అడగలేదన్నది ఆవిడ ఫిర్యాదు. చెరువు పోవడం కన్నా ఇది వేరే రకం నష్టం. ఒక చోట తరాలుగా బతికిన మనిషికి ఆ చోటి గురించి తెలిసిన విషయం జ్ఞానంగా లెక్కకి రాకపోవడం, ఆ మనిషిని ఆక్రమణదారుగా మాత్రమే గుర్తించడం. పంట గురించి ఆడమనిషిని అడగని వ్యవసాయ శాఖా, పురుడు గురించి మంత్రసానిని అడగని వైద్యమూ మనకి తెలుసు. ఇదీ ఆ వరసలోదే.

ఇక్కడ ఆగి, నాకు నేనే ఎదురువాదన వినిపించాలి. ఈ పెద్దావిడ మాటని పట్టుకుని అభయారణ్యమే వద్దనవచ్చా? అలా అంటున్నవాళ్ళున్నారు. వాళ్ళలో ముందు వరసలో ఉన్నది ఆవిడ కాదు. 2006 తరువాత ఐదో కాంటూరుని మూడో కాంటూరుకి కుదించాలనే కోరిక పార్టీలకి అతీతంగా బలపడింది. అసెంబ్లీ కూడా ఆ మేరకు తీర్మానం చేసింది. పి.ఎ. అజీజ్ ఆధ్వర్యంలో వేసిన నిపుణుల కమిటీ కుదించడానికి వీల్లేదని 2011లో చెప్పింది. వివాదం ఇంకా తెగలేదు. ప్రతిసారీ ఆ డిమాండు 'పేద మత్స్యకారుల జీవనోపాధి' పేరుతోనే వస్తుంది. జిరాయితీ భూములున్న చిన్న రైతుల బాధ నిజమైనదే, దానికి పరిహారం చెల్లించాలి. కానీ సరస్సు తగ్గితే పెరిగేది ఎవరి చెరువులు? ఒకప్పుడు సంఘం పేరు చెప్పి పేదల పేర్లు వాడుకున్నవాళ్ళే ఇప్పుడు వాళ్ళ ఆకలిని వాడుకుంటున్నారు. బయటివాళ్ళ సౌందర్య దృష్టి ఆవిడని కనపడకుండా చేసింది. లోపలివాళ్ళ ఆస్తి దృష్టి ఆవిడని ముందు నిలబెట్టి, ఆవిడ వెనక దాక్కుంది. రెండింటిలోనూ ఆవిడ నిర్ణయం లేదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. స్త్రీలకి ప్రకృతితో సహజబంధం ఉంది, వాళ్ళ చేతికిస్తే సరస్సు బతుకుతుంది అనేయడం మనకి సులువు. వందనా శివ 1988లో రాసిన పుస్తకం తరువాత ఈ వాదన మన దగ్గర బాగా ప్రచారమైంది. బీనా అగర్వాల్ 1992లో దానికి ఇచ్చిన సమాధానం నాకు ఎక్కువ సబబనిపిస్తుంది. స్త్రీలని ప్రకృతికి దగ్గర చేసేది వాళ్ళ స్వభావం కాదు, వాళ్ళు చేసే పనీ, వాళ్ళకి లేని ఆస్తీ. చేపల చెరువు తన పేరు మీద ఉంటే కొల్లేటి ఆడమనిషి కూడా గట్టు వేస్తుంది, మందు చల్లుతుంది. వెయ్యదని అనుకోవడం ఆమెని దేవతని చెయ్యడమే. ఆమెకి హక్కు ఇవ్వమనడానికి ఆమె మంచిది కావలసిన అవసరం లేదు. ఆ నీటి మీద ఆధారపడి ఉండటం చాలు.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ఈ ప్రశ్న బెజవాడ వీధుల్లోకి వచ్చింది. బుడమేరు పొంగి, గట్లు తెగి అజిత్ సింగ్ నగర్, దాని చుట్టుపక్కల పేటలు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. దానికి కొల్లేరు ఒక్కటే కారణం కాదు. కుండపోత వానా, గండ్లు పడిన కాలువా, వాగు దారిలో కట్టుకున్న ఇళ్ళూ అన్నీ కారణాలే. కానీ బుడమేరు చివరికి వెళ్ళవలసింది కొల్లేటికే. అక్కడ నీరు పరుచుకునే చోటంతా గట్లుంటే పైనున్న నీరు త్వరగా కదలదు. ఆ పేటల్లో ఉండేది ఎక్కువగా బెజవాడ ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళూ, చిన్న చిన్న బళ్ళు నడుపుకునేవాళ్ళూ. మా ఇంట్లో పనిచేసే ఆమె డాబా మీద రెండు రాత్రులు పిల్లలతో గడిపింది. కిందికి దిగాక కుట్టుమిషనూ, బియ్యం బస్తా, పిల్లల సర్టిఫికెట్లూ బురదలో దొరికాయి. ఆమె ఎప్పుడూ కొల్లేరు చూడలేదు. సరస్సు మూడో కాంటూరుకి కుదించాలా వద్దా అని ఆమెని కూడా ఎవరూ అడగరు. లంకలోని పెద్దావిడా, సింగ్ నగర్ ఆమే ఒకే నీటికి రెండు చివర్ల ఉన్నవాళ్ళు. ఒకరి ఆకలి చూపించి మరొకరి ఇల్లు ముంచడం న్యాయం కాదు, ఒకరి ఇల్లు చూపించి మరొకరిని వెళ్ళగొట్టడమూ కాదు.

అందుకని కొలమానం మార్చాలంటాను. ఈ చోటు ఎంత అందంగా ఉంది, ఎంత ఆదాయం ఇస్తుంది అని కాకుండా, ఇది పాడైతే వెళ్ళిపోవడానికి ఎవరికి మరో చోటుంది, ఎవరికి లేదు అని అడగాలి. చూసేవాళ్ళకి మరో పార్కుంది. పెట్టుబడి పెట్టినవాళ్ళకి మరో జిల్లాలో మరో చెరువుంది. దోనె మీద చేపలు పట్టుకునేవాళ్ళకీ, వాగు పక్కన ఉండేవాళ్ళకీ మరో చోటు లేదు. గూడబాతుకీ లేదు. ఈ లెక్కలో పేద స్త్రీ, పక్షి ఒకే వైపు నిలబడతారు. చట్టం, రాజకీయం ఇన్నాళ్ళూ వాళ్ళని ఎదురెదురుగా నిలబెట్టాయి.

ఇది కలలు కనడం కాదు. 1972 నాటి మన వన్యప్రాణి చట్టమే నేషనల్ పార్కుకీ అభయారణ్యానికీ తేడా పెట్టింది. అభయారణ్యంలో స్థానికుల హక్కుల్ని కొనసాగించే వీలుంది. కొల్లేరు ఆపరేషన్ జరిగిన 2006లోనే, డిసెంబరులో, పార్లమెంటు అటవీ హక్కుల చట్టాన్ని ఆమోదించింది. చేపలూ ఇతర జలవనరుల మీద సామూహిక హక్కు ఆ చట్టంలో స్పష్టంగా ఉంది. ఆ ఊహని సరస్సుల దాకా తీసుకురావడానికి అడ్డమేమిటి? అమెరికానే చూసి నేర్చుకోవాలంటే, జలపాతాల పార్కుల కంటే ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ మనకి దగ్గరగా ఉంటుంది. అది కూడా చిత్తడి నేల, కొంగల నేల. పందొమ్మిదో శతాబ్దం చివర ఆడవాళ్ళ టోపీల్లో పెట్టుకునే ఈకల కోసం అక్కడి కొంగల్ని వేలల్లో చంపారు. నింద ఆడవాళ్ళ షోకు మీద పడింది, లాభం వర్తకులకి పోయింది. దానికి ఎదురుగా 1896లో బోస్టన్‌లో హారియట్ హెమెన్‌వే, మినా హాల్ అనే ఇద్దరు స్త్రీలు తోటి ఆడవాళ్ళని కూడగట్టి ఈకల టోపీలు మానిపించి, మసాచుసెట్స్ ఆడుబాన్ సొసైటీని నిలబెట్టారు. ఎవర్‌గ్లేడ్స్ పనికిరాని బురద కాదు, కదిలే నది అని 1947లో పుస్తకం రాసి లోకానికి చెప్పింది మార్జరీ స్టోన్‌మన్ డగ్లస్. ఆ ఏడాదే అక్కడ పార్కు వచ్చింది. ఆ పార్కు కూడా స్థానికులైన మికసూకీలని అంచుకి నెట్టింది. కానీ వాళ్ళు పోరాడారు. 1998లో, పార్కు సరిహద్దున తమ నేల మీద శాశ్వతంగా ఉండే హక్కుని చట్టం ద్వారా సాధించుకున్నారు. మనం అమెరికా నుంచి తెచ్చుకోవలసింది కాగితం ముక్క కనపడని శుభ్రత ఒక్కటే కాదు, ఈ కథ కూడా.

కొల్లేటి విషయంలో నాకు సబబనిపించేది ఇది. ఐదో కాంటూరు అలాగే ఉండాలి. గట్లు వేసిన చెరువు ఎవరిదైనా, ఏ పార్టీ వాళ్ళదైనా, ఉండకూడదు. దోనె, వల, మావులతో చేపలు పట్టుకునే హక్కు లంకల్లో ఉండేవాళ్ళకి రాతపూర్వకంగా ఉండాలి. అది కుటుంబ యజమాని పేరు మీద కాకుండా ఆడవాళ్ళ పేరు మీద కూడా ఉండాలి, ఎవరికీ లీజుకి ఇచ్చే వీల్లేకుండా ఉండాలి. సరస్సు నిర్వహణ కమిటీలో పక్షుల శాస్త్రవేత్త పక్కన, గుడ్డు ఎక్కడ పెడతాయో తెలిసిన మనిషికి కుర్చీ ఉండాలి. ఇందులో ఏదీ టూరిస్టులకి నష్టం కాదు. ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద గూళ్ళు కట్టుకున్న పెలికన్లని చూడటానికి వెళ్ళినవాళ్ళకి, ఆ పక్కనే దోనె మీద వెళ్ళే మనిషి కనపడితే దృశ్యం చెడిపోదు. చెడిపోయిందని అనిపిస్తే లోపం దృశ్యంలో లేదు.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊళ్ళో చెట్ల మీద గూళ్ళు కట్టే గూడబాతుల్నీ, ఎర్రకాళ్ళ కొంగల్నీ ఆ ఊరివాళ్ళు పురుడుకి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలంటారని చాలామంది ముచ్చటగా రాశారు. మంచి మాటే. కానీ పురుడుకి వచ్చిన ఆడపిల్లకి పుట్టింట్లో నెలల లెక్కన మర్యాద, ఆ తరువాత సెలవు. చెట్టు ఎవరిదో, చెరువు ఎవరిదో నిర్ణయించేటప్పుడు ఆ పిల్ల మాట చెల్లదు. పక్షిని ఆడపిల్లగా చూసుకోమని చెప్పే ముందు, ఆడపిల్లకి పుట్టింటి నీళ్ళల్లో వాటా ఉందో లేదో తేల్చుకోవాలి.